గెలిచిన ఉత్తరాలు

2012 మార్చి రెండు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం రోసాల్బా తిన్నది పప్పు ముద్దలు. ఎర్రపప్పు మెత్తగా ఉడికించి, గోధుమ రవ్వ కలిపి, వేయించిన ఉల్లిపాయా జీలకర్రా వేసి, వేళ్ల అచ్చులు పడేటట్టు పిడికిట్లో నొక్కిన ముద్దలు. పక్కన నిమ్మచెక్క. ఆరు తింది. వెండెల్ లెక్కపెట్టాడు.

ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాసపు రోజుల్లో శుక్రవారం నాడు ఆమె మాంసం ముట్టదు. పదకొండేళ్లుగా ఆ శుక్రవారాలన్నిటికీ ఆమెకి చేప సాండ్‌విచ్ తెచ్చేది వెండెలే. రొట్టె అంచులు కోసేసి, మైనపు కాగితంలో చుట్టి తెస్తాడు. ఆ రోజు ఆ పొట్లం ఆమె బల్ల మీద విప్పకుండానే ఉండిపోయింది. సాయంత్రం ఎవరూ చూడకుండా దాన్ని తీసి తన సంచిలో వేసుకున్నాడు.

పప్పు ముద్దలు తెచ్చినవాడు సెరోబ్. ఉద్యోగంలో అతనికది మొదటి రోజు. ఆర్మేనియన్లకీ అవి ఉపవాసపు రోజులేనట. మొదటి రోజు వచ్చిన మనిషి కాగితాలు తెచ్చుకుంటాడు, కళ్లజోడు తెచ్చుకుంటాడు. డబ్బా నిండా వంట తెస్తాడా? వెండెల్‌కి అక్కడే మొదలైంది.

కనోగా పార్క్‌లో టైర్ల షాపు వెనకాల, కిటికీల్లేని రేకుల షెడ్డు వాళ్ల కంపెనీ. పెద్దలకు మాత్రమే అని రాసి అమ్మే సామాను, సినిమాలు. సామాను పేరు లేని అట్టపెట్టెల్లో పోస్టులో వెళ్తుంది. సినిమాలకు నెల నెలా చందా, కార్డు మీద దానంతటదే పడుతుంది. రోసాల్బా భర్త లాలో వీడియో టేపుల కాలంలో మొదలుపెట్టిన వ్యాపారం. అతను పోయాక ఆమె దాన్ని ఇంకో పచారీ కొట్టు నడిపినట్టే నడిపింది. పొద్దున్నే వచ్చి తాళం తీసేది, సిబ్బందికి వేళకి జీతాలిచ్చేది, చర్చిలో ఎవరైనా అడిగితే పోస్టు వ్యాపారం అనేది.

వెండెల్ పని ఫిర్యాదులకు జవాబు రాయడం. ఈ వ్యాపారంలో కొన్నవాళ్లే కొనలేదంటారు. భార్య బిల్లు చూసి ఇదేమిటని అడిగితే, భర్త నాకేం తెలుసు, కార్డు ఎవడో దొంగిలించాడంటాడు. అన్నాక బ్యాంకుకి ఫోన్ చేసి అదే మాట చెప్పక తప్పదు. బ్యాంకు ఆ డబ్బు కంపెనీ దగ్గర్నుంచి లాక్కుంటుంది. అప్పుడు వెండెల్ కూర్చుంటాడు. పార్సిల్ ఏ రోజు ఏ గుమ్మంలో ఎవరు అందుకున్నారు, ఏ కంప్యూటర్ నుంచి ఆర్డరొచ్చింది, అదే మనిషి అంతకుముందు ఎన్నిసార్లు కొన్నాడు, అన్నీ వరసగా పెట్టి రెండు పేజీల ఉత్తరం రాస్తాడు. కాలేజీలో చరిత్ర చదివిన మనిషి, సాక్ష్యం మీద సాక్ష్యం పేర్చడం అతనికి వచ్చు. పదింట్లో ఏడు గెలిచేవాడు. గెలిచినవన్నీ ఆకుపచ్చ బీరువాలో రెండు అరల నిండా ఉన్నాయి. గెలిచిన ప్రతిసారీ రోసాల్బా గుమ్మంలోంచి తొంగిచూసి, "మళ్లీ కొట్టావా?" అనేది. ఆ ఒక్క మాట అతనికి నెలజీతం కంటే ఎక్కువ. ఆ మాట కోసమే, ఎవరైనా నేరుగా కంపెనీకి ఫోన్ చేసి డబ్బు వెనక్కిమ్మని అడిగితే, ఇవ్వం, బ్యాంకుకి వెళ్లి చెప్పుకోండి, అక్కడే తేల్చుకుందాం అనేవాడు. ఆ సంగతి రోసాల్బాకి తెలియదు.

ఫిబ్రవరి చివర్లో బ్యాంకు నుంచి హెచ్చరిక వచ్చింది. నెలకి వంద ఫిర్యాదులు దాటకూడదు. ఫిబ్రవరిలో నూట ముప్ఫై ఒకటి అయ్యాయి. వరసగా మూడు నెలలు దాటితే ఖాతా మూసేసి పేరు నల్ల జాబితాకి పంపిస్తారు. ఆ జాబితా ఒక్క బ్యాంకుది కాదు, కార్డు తీసుకునే ఏర్పాటు చేసే బ్యాంకులన్నీ దాన్ని చూస్తాయి. ఎక్కేది కంపెనీ పేరొక్కటే కాదు, దరఖాస్తు మీద సంతకాలు పెట్టిన మనుషుల పేర్లు కూడా. ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో ఆ మనిషి పూలకొట్టు పెట్టుకున్నా, క్షవరం షాపు పెట్టుకున్నా, కార్డు గీసే యంత్రం ఇచ్చే దిక్కుండదు.

అందుకని సెరోబ్ వచ్చాడు. గ్లెండేల్‌లో అంత్యక్రియలు జరిపించే సంస్థలో ఇరవై రెండేళ్లు ఫోన్లు ఎత్తిన మనిషి. రోసాల్బా స్నేహితురాలి తల్లి పోయినప్పుడు అతను మాట్లాడే తీరు రోసాల్బా వింది. మనకి ఫోన్ చేసేవాళ్లు కూడా అలాంటివాళ్లే, ఒకళ్లకీ ముఖం చూపించలేక చేస్తారు, వాళ్లకి ఆ గొంతు కావాలి, అంది వెండెల్‌తో. వెండెల్ సరేనన్నాడు. ఆ గొంతుకి అరవై ఒక్క ఏళ్లున్నాయని, వెడల్పాటి భుజాలు, తెల్లటి మీసం ఉన్నాయని, ఆ గొంతు అందర్నీ జాన్ అని పిలుస్తుందని అప్పుడతనికి తెలియదు. రోసాల్బా జాన్. పోస్టు బళ్లవాడిని జాన్. చివరికి తనని కూడా, వెండెల్ జాన్. వాళ్ల భాషలో అది ప్రాణమా అనడమేననీ, రోడ్డు మీద కనిపించిన ప్రతివాడికీ వాడే మాటేననీ రోసాల్బా నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు కూడా వెండెల్‌కి నచ్చలేదు. అతను సెరోబ్‌ని మీరు అని పిలిచేవాడు. దూరంగా ఉంచడానికి అంతకంటే మర్యాదైన దారి దొరకలేదు.

మొదటి వారంలోనే సెరోబ్ ఒక మాటన్నాడు. బిల్లు మీద పడే పేరు బాగా లేదట. ఆ పేరు పెట్టింది వెండెల్. వి.ఆర్. సప్లై. ఏ ఇల్లాలు చూసినా అనుమానం రాకూడదని మూడు రోజులు ఆలోచించి పెట్టాడు.

"ఆవిడకి అనుమానం రాదు, నిజమే. కానీ వెండెల్ జాన్, కొన్న మగాడికీ గుర్తు రాదుగా," అన్నాడు సెరోబ్. "పేరు పక్కన మన ఫోన్ నంబరు వేద్దాం. బ్యాంకు కంటే ముందు మనకే చేస్తారు."

రోసాల్బా ఆ రోజే వేయించింది. చందా పడడానికి మూడు రోజుల ముందు, ఇంత పడబోతోంది, వద్దంటే చెప్పండి అని ఉత్తరం వెళ్లే ఏర్పాటు కూడా చేయించింది. అదీ సెరోబ్ చెప్పిందే. ఫోన్ బల్లని తన గది తలుపు పక్కకి మార్పించింది, తనక్కూడా వినబడాలని. అంతవరకూ ఆ తలుపు పక్కనున్నది ఆకుపచ్చ బీరువా. దాన్నీ, దాని పక్కనున్న వెండెల్ బల్లనీ నీళ్లగది దగ్గరకి నెట్టారు.

అక్కడ కూర్చుని వెండెల్ వినేవాడు. వినకూడదనుకుంటూనే వినేవాడు. ఒక రోజు ఒహాయో నుంచి ఒకావిడ చేసింది. భర్త బిల్లు పట్టుకుని ఉంది. ఇదేం కంపెనీ అని ఆమె అరుస్తున్నది వెండెల్‌ దాకా వినబడింది.

"అమ్మా, కార్డు ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఏం కొన్నారో నేను చెప్పకూడదు," అన్నాడు సెరోబ్. "అబద్ధం కూడా చెప్పను. ఆయన్ని పక్కన ఉంచుకుని ఒక్క మాట ఊఁ అనిపించండి, డబ్బు ఈ పూటే వెనక్కి పంపిస్తాను. బ్యాంకుకి వెళ్లే పని లేదు. ఆయన్ని తర్వాత తిట్టుకోవచ్చు, తొందరేం లేదు."

అవతల ఏదో నవ్వులాంటిది, ఏడుపులాంటిది. సెరోబ్ పదహారు నిమిషాలు విన్నాడు. పెట్టేసేముందు, మీరు పొద్దుటినుంచి ఏమైనా తిన్నారా అని అడిగాడు. రోసాల్బా తన గదిలో కలం పక్కన పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. వెండెల్ ఆమెని చూశాడు. పదకొండేళ్లలో తన ఉత్తరం ఒక్కటి కూడా ఆమె అలా చదవలేదు.

మార్చి నూట పన్నెండు దగ్గర ముగిసింది. తగ్గింది, చాల్లేదు. ఏప్రిల్ ఒక్కటే మిగిలింది.

ఏప్రిల్ మొదట్లో బ్యాంకులో ఇలాంటి ఖాతాల్ని చూసే అమ్మాయి ఫోన్ చేసింది. ముగ్గురూ వినేటట్టు రోసాల్బా స్పీకర్ పెట్టింది. వెండెల్ ముందే లెక్క రాసి పెట్టుకున్నాడు. నూట పన్నెండులో తను ఇప్పటికే డెబ్భై గెలిచాడు, అంటే మిగిలేది నలభై రెండే కదా అన్నాడు. సార్, గెలిస్తే డబ్బు మీకు తిరిగొస్తుంది, ఫిర్యాదు మాత్రం వచ్చినట్టే, గెలిచినా ఓడినా లెక్క ఒకటే, అంది ఆ అమ్మాయి. ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

పదకొండేళ్లు. రెండు అరల ఉత్తరాలు. బ్యాంకుకి వెళ్లి చెప్పుకోండని తను పంపించిన ప్రతి మనిషీ ఆ వందలో ఒక అంకె. రోసాల్బా అతని వైపు చూడలేదు. చూడకపోవడం ఆమె దయ అని అతనికి చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ క్షణాన ఆమె సెరోబ్ వైపు చూసిందన్నదే కనబడింది.

సాయంత్రం సెరోబ్ నీళ్లగది దగ్గరకి వచ్చాడు. నీ ఉత్తరాలు కొన్ని చదివాను, ఇంత శుభ్రంగా రాసేవాణ్ణి చూడలేదు అన్నాడు. "థాంక్సండి, మీ పని మీరు చూసుకోండి," అన్నాడు వెండెల్. సెరోబ్ తలూపి వెళ్లిపోయాడు. కోపం కూడా తెచ్చుకోని మనిషితో ఎలా పోట్లాడాలి?

అతన్ని మించిపోయే పని ఒకటి చేసి చూపించాలని వెండెల్‌కి పట్టుకుంది. రెండు రాత్రులు ఆలోచించి, పక్క షెడ్డులో అక్వేరియం చేపలమ్మే డ్వేన్‌తో మాట్లాడాడు. మన బిల్లుల్లో సగం డ్వేన్ కార్డు యంత్రం మీద చేపలు కొన్నట్టు వేయిస్తే, మన పేరు మీద ఫిర్యాదులూ సగమైపోతాయి, నూటికి రెండు డాలర్లు ఇస్తే చాలన్నాడు, అని రోసాల్బాతో గర్వంగా చెప్పాడు. సెరోబ్ గుమ్మంలో ఉన్నాడు. అతనేం వాదించలేదు. అంత్యక్రియల సంస్థ పక్కన పూలమ్మే ఆవిడ స్నేహితుడి కోసం అదే పని చేసిందనీ, ఇప్పటికీ పూలదండ కొనడానికి వచ్చిన ఏడుపుమొహాలని ఎదురుగా ఏటీఎమ్‌కి పంపిస్తోందనీ చెప్పాడంతే.

"ఫిర్యాదులకైతే మూడు నెలలు టైమిచ్చారు," అంది రోసాల్బా. "ఇది పట్టుకుంటే ఒక్క పూట కూడా ఇవ్వరు. పైగా ఆ డ్వేన్ ఏం పాపం చేశాడు, వాణ్ణి కూడా ముంచుదామా? నీకేమైంది వెండెల్, బుద్ధిగానే ఉండేవాడివిగా."

ఏమైందో చెప్పే వయసు దాటిపోయింది. యాభై తొమ్మిదేళ్ల మనిషి ఏమని చెబుతాడు?

ఏప్రిల్ ఇరవై, శుక్రవారం సాయంత్రం రోసాల్బా ఒక కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. బ్యాంకు కాగితం. లాలో చనిపోయిన ఏడాది, ఒక్కదాని సంతకం చాలదు, ఇంకో మనిషి కావాలని బ్యాంకు అడిగితే వెండెల్ పెట్టాడు. ఖాతా దరఖాస్తు మీద ఆమె పేరు కింద అతని పేరు. ఈ లోకంలో ఆ ఇద్దరి పేర్లూ ఒకచోట ఉన్నది ఆ కాగితం మీదే. తెచ్చినది ఆ పేరు తీసేయడానికి.

"ఇక్కడ పెట్టు. ఇక్కడ కూడా," అంది.

"ఎందుకు?"

"ఎందుకేంటి, తియ్యాలి కాబట్టి. నాచేత లెక్చర్ చెప్పించకు, సంతకం పెట్టేయ్."

ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో చూపిస్తూ పసుపు చీటీలు అంటించి ఉన్నాయి. వాటి మీద బాణం గుర్తు గీసి, పేజీ అంకె వేసిన చేతిరాత సెరోబ్‌ది. ఆ వాలు ఏడు అంకె వెండెల్‌కి బాగా తెలుసు, రోజూ ఫోన్ల పుస్తకంలో చూస్తున్నదే. కాగితం పోగుచేసి, అంచులు సరిచేసి, ఆమెకి తిరిగి ఇచ్చేశాడు. పెట్టను, అన్నాడు. ఆమె నిలబడి చూసి, మొండిఘటం అని గొణిగి వెళ్లిపోయింది. బీరువా కదిలింది, బల్ల కదిలింది, ఇప్పుడు పేరు. ఇక మిగిలింది కుర్చీ ఒక్కటే అనుకున్నాడు వెండెల్.

ఏప్రిల్ ఇరవై నాలుగున సెరోబ్ సెలవు పెట్టాడు. 1915 నాటి ఊచకోతలో చనిపోయిన తమవాళ్లని ఆర్మేనియన్లు తలుచుకునే రోజది. ఊరేగింపుకి వెళ్లాలి. అతని తాత తమ్ముళ్లు ఆరుగురిలో మిగిలింది ఒక్కడేనట. ఫోన్ వెండెల్‌కి అప్పగించి, ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసిపెట్టాడు. ముందు వినాలి. అడిగితే ఇచ్చేయాలి. ఎందుకని అడగొద్దు. తేదీ చెప్పి పెట్టేయాలి. ఆ ఉదయానికి నెల లెక్క ఎనభై ఆరు. రోసాల్బా బ్యాంకు మనుషుల్ని కలిసి బతిమాలుకోవడానికి డౌన్‌టౌన్ వెళ్లింది. పార్సిళ్లు కట్టేవాళ్లు వెనక షెడ్డులో ఉన్నారు.

తొమ్మిదింటికి ఫోన్ మోగింది. వెండెల్ ఎత్తలేదు.

ఎత్తకూడదని ముందు అనుకోలేదు. చెయ్యి కదల్లేదు. ఆరుసార్లు మోగాక, మాటలు రికార్డు చేసుకునే యంత్రం అందుకుంది, అవతలివాళ్లు ఏమీ మాట్లాడకుండా పెట్టేశారు. రెండోది మోగింది. అదీ అంతే. మూడోదానికి అతనికి తను ఏం చేస్తున్నాడో తెలిసింది. తెలిసినా కూర్చున్నాడు. మోగనీ. ఖాతానే లేకపోతే ఆ మెత్తటి గొంతుకి ఇక్కడ పనేముంటుంది? లెక్క వంద దాటనీ. ఖాతా పోనీ. జాబితాలో ఎక్కితే ఇద్దరి పేర్లూ ఎక్కుతాయి, ఆమెదీ తనదీ, ఒకదాని కింద ఒకటి, ఐదేళ్లు. సెరోబ్ పేరు ఎక్కదు. తను ఎంతదాకా ఆలోచించాడో చూసుకుని వెండెల్‌కే భయమేసింది. అయినా చెయ్యి ఒళ్లోంచి తియ్యలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి పది అయ్యాయి.

పదకొండోదానికి యంత్రంలోంచి ముసలి గొంతొకటి వచ్చింది. పెట్టెయ్యలేదు, మాట్లాడింది.

"ఇది మనుషులు వింటారో లేదో నాకు తెలీదు. నేను నెబ్రాస్కా నుంచి. నెలనెలా ఇరవై నాలుగు డాలర్లు పడుతోంది. అది మా ఆవిడా నేనూ కలిసి కట్టుకున్న చందా. ఆవిడ జనవరిలో పోయింది. నాకిప్పుడు అక్కర్లేదు. ఎలా ఆపాలో ఆవిడకి తెలుసు, నాకు తెలీదు. బ్యాంకుకి వెళ్దామంటే, కౌంటర్లో కూచునే పిల్ల మా ఆవిడ దగ్గర ఆదివారం బడిలో చదువుకుంది. ఆ పిల్లకి ఏమని చెప్పను? నాలుగింటి దాకా చూస్తాను. ఎవరూ చెయ్యకపోతే వెళ్లక..."

వెండెల్ ఎత్తాడు.

సెరోబ్‌లా మాట్లాడదామని చూశాడు, రాలేదు. ఉన్నానండీ, వింటున్నాను, అన్నాడు. చందా ఆపేశాను, జనవరి నుంచి పడ్డవన్నీ వెనక్కి పంపిస్తున్నాను, శుక్రవారానికి వచ్చేస్తాయి, బ్యాంకుకి వెళ్లొద్దు, ఎవరికీ ఏమీ చెప్పొద్దు, అన్నాడు. నీకు పెళ్లయిందా అని అడిగాడు ముసలాయన. లేదండీ అన్నాడు వెండెల్.

"అయితే నీకు తెలీదులే, బాబూ," అన్నాడు ముసలాయన, జాలిగా.

ఫోన్ పెట్టేసి వెండెల్ యంత్రంలో మిగిలిన పది నంబర్లూ కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరికీ తనే చేశాడు. వినడం, ఇచ్చేయడం, ఎందుకని అడక్కపోవడం, తేదీ చెప్పడం. ఒకామె తిట్టింది. ఒకతను, అయ్యో మీరే చేశారా అని ఆశ్చర్యపోయాడు. ఆరుగురు సర్దుకున్నారు. నలుగురు అప్పటికే బ్యాంకుకి చెప్పేశారు. మీరు ఫోన్ ఎత్తలేదుగా, అన్నారు.

మర్నాడు లెక్క తొంభై. సెరోబ్ ఎండకి కమిలిన ముఖంతో వచ్చి, ఒక్క రోజులో నాలుగేనా, నేనున్నా అంతే అయ్యుండేది, బాగా చూసుకున్నావ్ వెండెల్ జాన్, అన్నాడు. వెండెల్ ఫోన్ల పుస్తకం అతని వైపు జరిపాడు. ఆ ఆరు రోజులూ ముగ్గురికీ తిండి సయించలేదు. సెరోబ్ వేరే ఫోన్‌లో ఉంటే వెండెల్ ఎత్తేవాడు, అడక్కుండానే. తొంభై మూడు. తొంభై అయిదు. ఆదివారం కూడా రోసాల్బా ప్రార్థన నుంచి తిన్నగా షెడ్డుకే వచ్చింది. సోమవారం సాయంత్రం నెల ముగిసింది.

మే ఒకటో తేదీ పది గంటలకి బ్యాంకు నుంచి సమాచారం వచ్చింది. తొంభై ఏడు. ఖాతా ఉంటుంది. రోసాల్బా చదివి, కుర్చీలో వెనక్కి వాలి, అరచేతులతో కళ్లు మూసుకుంది. తర్వాత లేచి సెరోబ్‌ని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది. తర్వాత వెండెల్‌ని. ముందు సెరోబ్‌ని, తర్వాత తనని. అది కూడా లెక్కపెట్టుకున్న తన మనసుని చూసి వెండెల్‌కి సిగ్గేసింది. ఆ సిగ్గులోనే నోరు తెరిచాడు.

సెరోబ్ లేని రోజు ఒంటిగంట దాకా ఫోన్ ఎత్తలేదన్నాడు. మోగుతుంటే వింటూ కూర్చున్నానన్నాడు. కావాలనే. ఆ నలుగురూ తన నలుగురేనన్నాడు. అంతకుముందు పదకొండేళ్లు ఫోన్ చేసినవాళ్లని బ్యాంకులకి తరిమిందీ తనేనన్నాడు.

రోసాల్బా బ్యాంకు పంపిన అంకె మీద వేలు పెట్టింది.

"ఇంకో నలుగురైతే అయిపోయేవాళ్లం," అంది. "వెనక షెడ్డులో తొమ్మిదిమంది పనిచేస్తున్నారు. తెలుసా నీకు? నేనక్కడ బ్యాంకువాళ్ల కాళ్లు పట్టుకుంటుంటే నువ్విక్కడ కూచుని వింటున్నావా? ఎందుకు?"

వెండెల్ సెరోబ్ వైపు చూశాడు. ఆమెకి అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా కోపం వచ్చింది.

"ఇతని మీద అక్కసుతోనా? ఆ కాగితం తెప్పించిందెవరో తెలుసా? ఇతని తమ్ముడి పేరు ఆ జాబితాలో ఎక్కింది. రొట్టెల కొట్టు పెట్టుకుని, కార్డు యంత్రం లేక ఐదేళ్లూ చేతి డబ్బుకే అమ్ముకున్నాడు. నీ పేరు ముందు తీయించమని నన్ను రోజూ పోరింది ఇతనే. నాకు ఇది ఒక్కటే బతుకు, పోతే నాతో పోతుంది. నీకెందుకు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పెట్టేవాడివా? నీతోపాటు నేనూ మునుగుతానని కూచునేవాడివి. నాకు తెలీదా నీ సంగతి?"

అందులో ఎంత తెలుసో ఆమె చెప్పలేదు, వెండెల్ అడగలేదు. తన గదిలోకి వెళ్లిపోయింది. ఇద్దరు మగాళ్లు ఫోన్ బల్ల దగ్గర మిగిలారు.

"నలుగురు పోయారు, ఏడుగురు దక్కారు," అన్నాడు సెరోబ్. "ఆ ఏడుగురూ నీవాళ్లే. నేను లేను కదా ఆ రోజు."

"ఎందుకిలా మాట్లాడతావ్ నువ్వు?" అన్నాడు వెండెల్. "ఒక్కసారైనా తిట్టొచ్చుగా."

"ఇంకా టైముంది," అన్నాడు సెరోబ్, మీసం తుడుచుకుంటూ.

మంచితనంలో కూడా ముందు ఇతనే ఉన్నాడు. అసూయ తగ్గుతుందనుకుంటే ఇంకో రకంగా తిరిగింది. పక్కటెముకల కింద అదే చోట అలాగే గుచ్చుకుంటోంది. కాకపోతే దాంతో పనిచేసుకోవచ్చని వెండెల్‌కి ఆ మధ్యాహ్నం తెలిసింది. కాలు నొప్పితో నడవడం లేదా ఎంతమందో. గుచ్చుకుంటూ ఉండగానే ఇరవై ఫోన్లు ఎత్తాడు.

రోసాల్బా ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. నాలుగింటికి బ్యాంకు కాగితం తెచ్చి మాట లేకుండా అతని ముందు పెట్టింది. ఖాతా నిలబడింది, ఇప్పుడు తియ్యక్కర్లేదు కదా అని అడుగుదామనుకున్నాడు. ఆమె ముఖం చూసి మానేశాడు. పసుపు బాణాలు చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. ఆమె కాగితం తీసుకుని, సంతకం ఆరిందో లేదో వేలితో చూసి, మడిచింది.

ఆరింటికి టైర్ల షాపు గాలి మిషన్లు ఇంకా రొద చేస్తున్నాయి. సెరోబ్ కోటు తొడుక్కున్నాడు. ముందు గదిలో దీపాలు ఆర్పారు. అప్పుడు ఫోన్ మోగింది. సెరోబ్ చెయ్యి కదిలేలోపల వెండెల్ అందుకున్నాడు. అవతల ఎవరో ఆడమనిషి. పేరు చెప్పడం లేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది. ఉన్నానమ్మా, తొందరేం లేదు, అన్నాడు వెండెల్. మీరు వెళ్లండని వాళ్లకి చెయ్యూపాడు.

సెరోబ్ బయటికి నడిచాడు. రోసాల్బా గుమ్మంలో ఆగింది. సంచి భుజాన వేసుకుని, వెండెల్ వింటున్నంతసేపూ అక్కడే నిలబడి చూసింది. కోపం తగ్గిన ముఖం కాదు. అయినా వెళ్లిపోయిన ముఖమూ కాదు. రొద గదిలోకి వస్తోంది. వెండెల్ రెండో చెవి అరచేత్తో మూసుకోవడం ఆమె గమనించింది. బయట అడుగుపెట్టి, గడియ చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని, తలుపు మెల్లగా మూసింది.